రాసి చూపిద్దాం, కొట్టివేతలతో సహా

రాత గురించి మన పిల్లలకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాసి చూపించేవాళ్ళే తక్కువ. "సొంత మాటల్లో రాయాలి", "పేరా పెద్దగా ఉండాలి", "తప్పులు ఉండకూడదు" అని చెబుతాం. ఆ సొంత మాటలు ఎక్కడినుంచి వస్తాయో, మొదటి వాక్యం కుదరకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పం. పిల్లలు చూసేదల్లా పుస్తకంలో అచ్చయిన పాఠం, గైడులోని వ్యాసం, బోర్డు మీద ఒక్క కొట్టివేత లేకుండా దిగిన సమాధానం. అన్నీ పూర్తయిన రాతలే. వాటిని చూసిన పిల్లవాడు, రాత వచ్చినవాళ్ళకు వాక్యాలు అలా వరుసగా వచ్చేస్తాయనుకుంటాడు. తనకు అలా రావడం లేదు కాబట్టి తనకు రాత రాదని తీర్మానించుకుంటాడు.

ఈ అపోహ వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చదివే ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. "నీవు ఎందుకు చదువుకోవాలనుకుంటున్నావు?" అన్న ప్రశ్న కింద పదిమంది పిల్లలు ఒకే నాలుగు వాక్యాలు రాస్తారు. తండ్రి ఏం పని చేస్తాడు, బడి మధ్యలో ఎందుకు ఆగింది, మళ్ళీ ఎలా మొదలైంది, ఏదీ అందులో కనిపించదు. సాయం ఎక్కువ అవసరమైన బిడ్డే తన మాట తాను చెప్పుకోలేకపోతోంది. ఇంట్లో మొదటిసారి బడికి వెళ్ళిన పిల్లల విషయంలో, ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు రాసే పిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. అందుకే ట్యూషన్ సెంటర్లలో, సాయంకాలపు తరగతుల్లో చదువు చెప్పే ఉపాధ్యాయులూ, యువతీ యువకులూ పాటించగల ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం. రాత ఎలా తయారవుతుందో పిల్లల కళ్ళముందే, తెర మీద, కొట్టివేతలతో సహా చేసి చూపించడమే ఆ పద్ధతి.

దర్జీ దుకాణంలో ఉన్నది, తరగతిలో లేనిది

దర్జీ దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడిని చూడండి. ఉస్తాద్ కొలతలు తీసుకోవడం, బట్ట మీద సుద్దతో గీత గీయడం, గీత తప్పితే తుడిచి మళ్ళీ గీయడం, బిగుతైన కుట్టు విప్పి మళ్ళీ వేయడం అతడు రోజూ చూస్తాడు. ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునేవారిని 1970లలో జీన్ లేవ్ అనే మానవశాస్త్రవేత్త పరిశీలించారు. అక్కడి శిష్యులు మొదట గుండీలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం వంటి చివరి పనులు నేర్చుకుని, తరువాత కుట్టుపని, అన్నిటికన్నా చివర కత్తిరింపు నేర్చుకునేవారు. బట్టను చెడగొట్టే ప్రమాదం ఉన్న పని చేతికి వచ్చేసరికి, అది ఎలా జరుగుతుందో వాళ్ళు ఎన్నోసార్లు చూసి ఉంటారు.

రాత విషయంలో మనం దీనికి తలకిందులుగా చేస్తున్నాం. ఎవరూ రాస్తుండగా చూడని బిడ్డకు కాగితం ఇచ్చి, మొదటి రోజే కత్తెర చేతిలో పెట్టి, "వ్యాసం రాయి" అంటున్నాం.

రాసేవారి ఆలోచన వినిపించాలి

కుట్టుపని కంటికి కనిపిస్తుంది. రాతపనిలో సగం మనసులోనే జరుగుతుంది. ఈ చిక్కును విప్పడానికి అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక సులువైన ఉపాయం చేశారు. జేనెట్ ఎమిగ్ 12వ తరగతి విద్యార్థులను రాస్తున్నంతసేపూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నారు. ఆ పరిశీలన 1971లో అచ్చయింది. లిండా ఫ్లవర్, జాన్ హేస్ అనే ఇద్దరు ఇదే దారిలో పనిచేసి 1981లో తమ సిద్ధాంతాన్ని ప్రకటించారు. ఏం చెప్పాలో అనుకోవడం, దాన్ని వాక్యాల్లో పెట్టడం, పెట్టినదాన్ని మళ్ళీ చూసుకోవడం ఒకదాని తరువాత ఒకటిగా అయిపోయే మెట్లు కావనీ, రాసేవారు వాటి మధ్య మళ్ళీ మళ్ళీ ముందుకూ వెనక్కూ తిరుగుతుంటారనీ వారు చూపించారు.

ఇందులో మనకు పనికివచ్చే విషయం ఒకటుంది. వెనక్కి తిరగడం రాత రానివారి లక్షణం కాదు, రాసేవారందరి లక్షణం. పిల్లలకు దీన్ని సూత్రంగా చెబితే నిలవదు. కళ్ళతో చూస్తే నిలుస్తుంది.

తెర మీద ఒక అర్జీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుళాయి నీళ్ళ గురించి మున్సిపల్ కమిషనర్ గారికి లేఖ రాయాలి. పదో తరగతి పిల్లలకు లేఖారచన కొత్త కాదు. ఉపాధ్యాయురాలు ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి, ఖాళీ పేజీ తెరిచి, ముందుగా సిద్ధం చేసుకున్నది చూడకుండా ఇలా టైపు చేస్తారు:

"నీరు ప్రాణాధారం. నీరు లేనిదే జీవకోటికి మనుగడ లేదు. మన వీధిలో నీటి సమస్య ఎక్కువగా ఉంది. తగిన చర్యలు తీసుకోగలరు."

ఇక్కడ ఆగి పైకి ఆలోచించాలి. "మొదటి రెండు వాక్యాలూ కమిషనర్ గారికి తెలియనివా? ఏ ఊరివారు రాసినా ఈ వాక్యాలు ఇలాగే ఉంటాయి. తీసేద్దాం." అని వాటిని పూర్తిగా చెరిపేయకుండా, అడ్డగీత పడేలా చేస్తారు. "సమస్య ఎక్కువగా ఉంది అన్నాను. ఏమిటా సమస్య? నీళ్ళు రావడం లేదా? మురికిగా వస్తున్నాయా? కొద్దిసేపే వస్తున్నాయా? ఇది చదివినవారికి ఏం బాగుచేయాలో తెలుస్తుందా?" అని పిల్లల వైపు తిరుగుతారు. అప్పుడు సమాధానాలు వస్తాయి. రెండో రాత ఇలా తయారవుతుంది:

"మా వీధిలో 40 ఇళ్ళకు ఒకే కుళాయి ఉంది. రోజు విడిచి రోజు తెల్లవారుజామున 5 గంటలకు నీళ్ళు వదులుతారు. అరగంటకే ఆగిపోతాయి. వరుసలో చివర నిలబడినవాళ్ళు ఖాళీ బిందెలతో వెళ్ళిపోతారు."

మళ్ళీ ఆగాలి. "ఇంతా చెప్పాం, మనం అడిగేది ఏమిటి? అది ఎక్కడుంది?" ఎక్కడా లేదు. అప్పుడు ఒక వాక్యం పుడుతుంది: "మా వీధి కుళాయికి నీళ్ళు వదిలే సమయాన్ని అరగంట నుంచి గంటకు పెంచవలసిందిగా కోరుతున్నాము." దీన్ని చివర ఉంచాలా, ముందుకు తేవాలా అని పిల్లలనే అడిగి, మౌస్‌తో పట్టుకుని పైకి జరిపి చూపిస్తారు. కాగితం మీదైతే లేఖంతా తిరిగి రాయాలి. తెర మీద క్షణంలో రెండు వరుసలూ చదివి, ఏది బాగుందో తేల్చుకోవచ్చు.

మొదటి రాతలో "మన వీధి" అని ఉంది, రెండో రాతలో "మా వీధి" అయింది. ఈ మార్పు దగ్గర తప్పకుండా ఆగాలి. తెలుగులో వినేవారిని కూడా కలుపుకుంటే "మనం", కలుపుకోకపోతే "మేము". ఉర్దూలో "హమ్" ఒక్కటే రెండింటికీ సరిపోతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ ఇక్కడ తడబడితే అది తెలివితక్కువతనం కాదు. రెండు భాషలూ ఈ చోట రెండు దారుల్లో నడుస్తున్నాయి, అంతే. కమిషనర్ గారు మన వీధిలో ఉండరు కాబట్టి "మా" అనాలి. తెర మీద ఆ ఒక్క అక్షరం మారుతుండగా చూసిన బిడ్డకు, వ్యాకరణం పేజీ చదివినదానికన్నా ఇది బాగా గుర్తుంటుంది.

ఏ పనిముట్టు దేనికి

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చేతిలో ఉన్నవే చాలు.

మార్పుల చరిత్ర: గూగుల్ డాక్స్‌లో రాసింది దానంతట అదే సేవ్ అవుతుంది, పాత రూపాలు కూడా నిలిచి ఉంటాయి. కంప్యూటర్‌లో ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీ తెరిస్తే రాత ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూపించవచ్చు. డాక్స్‌లో సజెస్టింగ్ పద్ధతి, వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ పెట్టుకుంటే తీసేసిన మాట మాయం కాకుండా అడ్డగీతతో కనిపిస్తుంది.

మాటను రాతగా మార్చడం: ఫోన్‌లోని జీబోర్డ్ కీబోర్డులో తెలుగు ఎంచుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే మాటలు అక్షరాలుగా పడతాయి. కలం పట్టగానే బిగుసుకుపోయే పిల్లలు నోటితో చక్కగా చెప్పగలరు. అలా పడినదాంట్లో వాక్యాలు ఎక్కడ ఆగాలో తెలియదు, కొన్ని మాటలు తప్పుగా పడతాయి. ఫరవాలేదు. దిద్దడానికి ఏదో ఒకటి చేతికి వచ్చింది. ఆలోచన ఉర్దూలో వస్తే ముందు ఉర్దూలోనే చెప్పనివ్వండి, తరువాత తెలుగులోకి తేవచ్చు.

తెర రికార్డింగ్: ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్‌లోనే స్క్రీన్ రికార్డర్ ఉంటోంది. ఉపాధ్యాయుడు రాస్తూ పైకి ఆలోచించిన పది నిమిషాలను రికార్డు చేస్తే, ఆ రోజు రాని పిల్లలూ చూడవచ్చు.

యూనికోడ్: డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఫోన్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. పిల్లలతో చేసే పని మొదటినుంచీ యూనికోడ్‌లోనే ఉండాలి.

టీవీ లేకపోతే ఒక ల్యాప్‌టాప్ చుట్టూ ఐదారుగురు కూర్చోవచ్చు. కరెంటు పోతే నల్లబల్ల ఉంది. డస్టర్‌తో తుడవకుండా గీత కొట్టి పక్కన రాయండి. తెర లేకపోయినా పాఠం ఆగదు.

మూడు వారాల క్రమం

మొదటి వారం ఉపాధ్యాయుడు రాస్తాడు, పిల్లలు చూస్తారు. రెండో వారం పిల్లలు చెబుతారు, ఉపాధ్యాయుడు టైపు చేస్తాడు. ఎందుకు మార్చాలో వాళ్ళే చెప్పాలి. మూడో వారం పిల్లలు జంటలుగా రాస్తారు, ఉపాధ్యాయుడు చూస్తాడు. చివరి ప్రతి మాత్రం చేత్తో రాయించాలి. పరీక్ష కాగితం మీదే ఉంటుంది, చేతి అలవాటు పోకూడదు.

దిద్దడంలో వరుస తప్పకూడదు. ముందు విషయం, తరువాత క్రమం, తరువాత వాక్యం, చివర అక్షరదోషాలు. పోవలసిన వాక్యంలో ఒత్తులు దిద్దడం వృథా శ్రమ. పైగా మొదటి చూపులోనే ఎర్రగీతలు పడితే పిల్లలు తమకు రాయడం వచ్చిన మాటలే రాస్తారు, చెప్పాలనుకున్న మాట వదిలేస్తారు.

ఇంకొక జాగ్రత్త. తెర మీద అందరిముందూ పెట్టే విషయం అందరిదీ కావాలి: వీధి, బడి, బస్సు, ఆటస్థలం. ఒక బిడ్డ ఇంటి ఇబ్బందిని ఉదాహరణగా తెర మీదికి తేకూడదు. దరఖాస్తులో తన కథ రాసుకునేటప్పుడు ఆ బిడ్డ పక్కన ఒక్కరే కూర్చోవాలి. సాయం చేసేవారు మరింత గుర్తుంచుకోవలసిన మర్యాద ఇది.

రెడీమేడ్ వ్యాసం వచ్చిన తరువాత

ఇప్పుడు ఫోన్‌లో అడిగితే చాట్‌బాట్ నిమిషంలో వ్యాసం ఇస్తుంది. దాన్ని దాచిపెట్టడం వల్ల లాభం లేదు. అదే అర్జీని దానితో రాయించి తెర మీద పెట్టండి. కుళాయి లేఖకు వేసిన ప్రశ్నలే దానికీ వేయండి. ఏ వాక్యం ఏ ఊరికైనా సరిపోతుంది? 40 ఇళ్ళ సంగతి దానికెలా తెలుసు? ఖాళీ బిందెలు ఎక్కడున్నాయి? భాష నున్నగా ఉండవచ్చు, కాని ఆ వీధిలో నిలబడినది యంత్రం కాదు, పిల్లలే. తమ దగ్గర యంత్రానికి లేనిది ఒకటుందని పిల్లలు గ్రహించడం ఆ పాఠానికి ఫలితం.

నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడానికి మార్కులు ఒక్కటే దారి కాదు. మార్పుల చరిత్ర తెరిచి, ఒక కొట్టివేత చూపించి, "ఇది ఎందుకు తీశావు?" అని అడగండి. "టీచర్ తీయమన్నారు" అంటే ఇంకా పని మిగిలి ఉంది. "ఇది అందరికీ తెలిసిందే కదా, అందుకని" అంటే ఆ బిడ్డకు రాత పట్టుబడుతోంది.

వారానికి 40 నిమిషాలు చాలు. ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ, పిల్లలముందు తడబడటానికి సిగ్గుపడని ఒక ఉపాధ్యాయుడు కావాలి. వచ్చే ఏడాది దరఖాస్తుల్లో పదిమంది పిల్లలవి పది వేర్వేరు మాటలైతే, ఎవరికి ఏది అవసరమో తెలుసుకోవడం మనకూ సులువవుతుంది.