జన్యువులను కూర్చు విద్య – పుట్టిననాటి టీకా

ఎల్లారెడ్డినుండి కామారెడ్డి మీదుగా హైదరాబాదు పోవు దారిలో మేడ్చల్ తగులును. శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థ తన టీకామందుల కర్మాగారమును ఆ ప్రాంతముననే నెలకొల్పెను. హెపటైటిస్-బి అను కాలేయవ్యాధిని నివారించు టీకాను, జన్యువులను కూర్చు విధానమున, మన దేశములో మొదట తయారుచేసి 1997 ఆగస్టులో విడుదల చేసినది ఈ సంస్థయే. నేడు మన గ్రామములలో పుట్టు ప్రతి శిశువునకు 24 గంటలలోగా వేయవలసిన టీకాలలో ఈ విధానమున తయారగు టీకా ఒకటి. మన ఇంటి పసికందు తొడకు ఇచ్చు ఆ చుక్కమందు వెనుక ఎంత శాస్త్రము ఇమిడియున్నదో, అందువలన పంచాయతీ సభ్యులకు ఏర్పడు బాధ్యత లెవ్వియో ఈ పాఠమున తెలిసికొందము.

వ్యాధి స్వరూపము

కామెర్లు అన్నియు ఒకే జబ్బు కాదు. మురికినీటివలన, కలుషితాహారమువలన వచ్చు కామెర్లు కొన్ని కలవు. హెపటైటిస్-బి అట్టిది కాదు. దీని వైరస్ రక్తము ద్వారా, శరీర ద్రవముల ద్వారా వ్యాపించును. శుద్ధిచేయని సూదులు, ఒకరికి వాడిన క్షురకత్తిని మరియొకరికి వాడుట, పచ్చబొట్లు పొడుచు సూదులు, లైంగిక సంబంధము – ఇవి దీనికి దారులు. ఒకే పంక్తిలో భుజించుటవలన గాని, చేయి కలుపుటవలన గాని ఇది అంటదు. కావున రోగిని దూరముగా నుంచుట అన్యాయము.

అన్నిటికంటె ప్రమాదకరమైన దారి మరియొకటి కలదు. తల్లికి ఈ వైరస్ ఉన్నచో ప్రసవ సమయమున శిశువునకు సోకవచ్చును. పెద్దవారికి సోకినచో నూటికి అయిదుగురికంటె తక్కువమందిలో మాత్రమే వ్యాధి దీర్ఘకాలము నిలుచును. పుట్టుకతో సోకిన శిశువులలోనో, నూటికి సుమారు తొంబదిమందిలో నిలిచిపోవును. ఆ బిడ్డ ఆటపాటలతో పెరుగును. బయటి కేమియు కనబడదు. ఇరువది ముప్పది యేండ్లు గడచి, కుటుంబభారము మోయు వయస్సు వచ్చునప్పటికి కాలేయము గట్టిపడుటయో, అందు క్యాన్సరు పుట్టుటయో సంభవింపవచ్చును. అందుచేతనే ఈ టీకాకు మొదటి దినము ముఖ్యము.

జీవకణమున నుండు తీర్మానముల పుస్తకము

ప్రతి జీవికణములోను డి.ఎన్.ఏ. అను పొడవైన పోగు ఉండును. దానిని మన పంచాయతీ తీర్మానముల పుస్తకముతో పోల్చవచ్చును. పుస్తకమున ఒక్కొక్క తీర్మానము ఒక్కొక్క పనికి ఆజ్ఞ అయినట్లు, డి.ఎన్.ఏ.లోని ఒక్కొక్క జన్యువు సాధారణముగా ఒక్కొక్క మాంసకృత్తును తయారుచేయుటకు ఆజ్ఞ. ఈ పుస్తకపు లిపిలో అక్షరములు నాలుగే. మూడేసి అక్షరములు కలిసి ఒక్కొక్క అమైనో ఆమ్లమును సూచించును. అమైనో ఆమ్లములు పూసలవలె వరుసగా కూడి మాంసకృత్తు అగును. ఈ లిపిని చదువుటకు కృషిచేసినవారిలో అవిభక్త భారతదేశమున పుట్టిన హరగోవింద ఖొరానా ఒకరు. 1968లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. డి.ఎన్.ఏ. యొక్క మెలితిరిగిన నిచ్చెనవంటి రూపమును 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అందులకు రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్-కిరణ చిత్రములు ఆధారమయ్యెను.

ఇందులో ఒక విశేషము కలదు. మనిషిలోను, మొక్కలోను, కంటికి కనబడని సూక్ష్మజీవిలోను ఈ లిపి దాదాపు ఒక్కటియే. ఒక గ్రామపు పుస్తకమునుండి ఒక తీర్మానమును నకలు తీసి మరియొక గ్రామపు పుస్తకమున అతికించినచో, అచ్చటి కార్యదర్శి అది ఎవరు వ్రాసినదని విచారింపక అమలుజరుపునట్లే, ఒక జీవి జన్యువును మరియొక జీవిలో ప్రవేశపెట్టినచో ఆ కణము దానిని చదివి, చెప్పిన మాంసకృత్తును తయారుచేయును. జన్యువులను కూర్చు విద్యకు మూలసూత్రము ఇదియే.

కత్తెర, జిగురు, బండి

ఈ పనికి మూడు సాధనములు కావలెను. మొదటిది కత్తెర. సూక్ష్మజీవులలో కొన్ని కిణ్వములు డి.ఎన్.ఏ.ను ఇష్టము వచ్చినచోట గాక, నిర్ణీతమైన అక్షరముల వరుస ఉన్నచోటనే త్రుంచును. వీనిని గురించిన కృషికి ఆర్బర్, నేథన్స్, స్మిత్ అనువారలకు 1978లో నోబెల్ బహుమానము వచ్చెను. రెండవది జిగురు. లైగేస్ అను కిణ్వము త్రుంచిన కొసలను అతుకును. మూడవది బండి. సూక్ష్మజీవులలో ప్లాస్మిడ్ అను చిన్న వలయాకారపు డి.ఎన్.ఏ. ఉండును. కోరిన జన్యువును దానిలో అతికించి మరియొక కణములోనికి పంపవచ్చును. ఆ కణము రెండై, నాలుగై పెరుగుచుండగా లోపలి జన్యువు నకళ్లు కూడ పెరుగుచుండును.

రెండు వేర్వేరు మూలముల డి.ఎన్.ఏ.ను 1972లో పాల్ బెర్గ్ పరీక్షానాళికలో అతికించెను. 1973లో కోహెన్, బోయర్ అనువారు అట్టి ప్లాస్మిడ్‌ను బాక్టీరియాలోనికి పంపి వృద్ధిచేసిరి. ఈ శక్తి వలన కీడు కలుగవచ్చునేమో యని శాస్త్రజ్ఞులే శంకించి, 1975లో అమెరికాలోని అసిలోమార్‌లో సమావేశమై జాగ్రత్తలను ఏర్పరచుకొనిరి. మధుమేహమునకు వాడు మానవ ఇన్సులిన్ ఈ విధానమున తయారై 1982లో అమెరికాలో అనుమతి పొందెను.

ఈస్టుచే టీకా చేయించు విధము

1981లో అమెరికాలో అనుమతి పొందిన హెపటైటిస్-బి టీకాను, వ్యాధి వైరస్ కలిగినవారి రక్తమునుండి తీసి శుద్ధిచేసెడివారు. రక్తము దొరకుట కష్టము. శుద్ధిచేయుట ఖర్చుతో కూడినది. వైరస్ అంతయు మనకు అవసరము లేదు. దాని పైతొడుగులోని ఒక్క మాంసకృత్తును చూపినచో మన శరీరము దానిని గుర్తుపెట్టుకొని, అసలు శత్రువు వచ్చినపుడు ఎదిరించును.

ఆ మాంసకృత్తులో 226 అమైనో ఆమ్లములు కలవు. ఒక్కొక్క దానికి మూడక్షరముల చొప్పున, దానికి ఆజ్ఞ 678 అక్షరములు. వైరస్ పుస్తకమంతయు సుమారు 3,200 అక్షరములు మాత్రమే. అందుండి ఈ భాగమును మాత్రము త్రుంచి, ఈస్టు అను జీవిలో ప్రవేశపెట్టిరి. ఈస్టు మనకు క్రొత్త కాదు. కల్లు పులియుటకు కారణము ఈ జాతి జీవులే. ఇట్టి టీకాను అమెరికా దేశము 1986లో అనుమతించెను.

హైదరాబాదులో వాడినది పైకియా పాస్టొరిస్ అను ఈస్టు. నిజాంసాగరు నీరు నిండియున్నను తూము ఎత్తినగాని కాలువకు రాదు కదా! అట్లే కూర్చిన జన్యువునకు ముందు ఒక తూమువంటి డి.ఎన్.ఏ. భాగము నుంతురు. ముందు ఈస్టును ఆహారమిచ్చి పెంచి, తరువాత మిథనాలు అను ద్రవము నిచ్చినచో ఆ తూము తెరచుకొని మాంసకృత్తు తయారగుట ఆరంభమగును. పిదప కణములను పగులగొట్టి, మాంసకృత్తును వేరుచేసి, పలుమార్లు శుద్ధిచేసి, అల్యూమినియం లవణముపై పట్టించి సీసాలలో నింపుదురు. అందులో వైరస్ లేదు. దాని జన్యుపుస్తకమును లేదు. కావున ఈ టీకావలన హెపటైటిస్-బి వచ్చుట అసంభవము.

హైదరాబాదులో జరిగిన కృషి

శాంతా బయోటెక్నిక్స్‌ను 1993లో స్థాపించిన శ్రీ కె. ఐ. వరప్రసాదరెడ్డి నెల్లూరు జిల్లావారు. వృత్తిచే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. అప్పుడు ఈ టీకా విదేశములనుండి దిగుమతి యగుచు సామాన్యునకు అందని ధర పలుకుచుండెను. సంస్థకు తన తల్లి శాంతమ్మ పేరు పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములోను స్థలము సంపాదించి ఆయన పరిశోధన సాగింపజేసెను. ఒమన్ దేశపు విదేశాంగమంత్రి యూసుఫ్ బిన్ అలవి పెట్టుబడి నొసగెను. 1997లో టీకా విడుదల యైన పిదప ధరలు మిక్కిలి తగ్గెను. శ్రీ వరప్రసాదరెడ్డికి 2005లో పద్మభూషణ్ పురస్కారము లభించెను. 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ సంస్థ ఈ కంపెనీని స్వాధీనము చేసికొనెను.

ధర తగ్గుటతో ప్రభుత్వ టీకాల కార్యక్రమమున దీనిని చేర్చుట సులభమయ్యెను. 2002-03లో కొన్నిచోట్ల ప్రయోగముగా ఆరంభమై, 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రములకును, 2011లో దేశమంతటికిని విస్తరించెను. పుట్టిననాటి మోతాదు పిమ్మట 6, 10, 14 వారములలో ఇచ్చు అయిదు వ్యాధుల టీకాలో హెపటైటిస్-బి మందు కూడ కలిసియుండును. ఇవి అన్నియు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించును.

గడ్డకట్టిన మందు పనికిరాదు

చల్లగా నుంచిన కొలది మందు మంచిదని పలువురు తలతురు. ఈ టీకా విషయమున అది తప్పు. దీనిని 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ ఉంచవలెను. మంచుగా గడ్డకట్టినచో మాంసకృత్తును మోయు అల్యూమినియం లవణపు కణములు ముద్దలు కట్టి, టీకా తన శక్తిని కోల్పోవును. మరల కరిగించినను ఆ శక్తి తిరిగిరాదు. కావున మంచుపెట్టెలో నేరుగా మంచుగడ్డకు ఆనించి ఈ సీసాను పెట్టరాదు. విద్యుత్తు నిలిచినపుడు ఆరోగ్య కేంద్రపు శీతలపెట్టె సంగతి విచారించుట కూడ గ్రామపెద్దల పనియే. కరెంటు పోయిన రాత్రి పాడైన మందు మరునాటి శిశువును కాపాడదు.

పొలములోనికి వచ్చిన ఇదే విద్య

మద్నూరు, జుక్కల్ ప్రాంతముల నల్లరేగడి నేలలలో ప్రత్తి వేయు రైతులకు ఈ విద్య మరియొక రూపమున పరిచితమే. నేలలో నుండు బాసిల్లస్ థురింజియెన్సిస్ అను బాక్టీరియా కాయతొలుచు పురుగులకు విషమగు మాంసకృత్తును చేయును. ఆ జన్యువును ప్రత్తిలో కూర్చినదే బి.టి. ప్రత్తి. దీనికి మన దేశములో 2002 మార్చిలో అనుమతి లభించెను. రెండు జన్యువులు గల రకము 2006లో వచ్చెను.

కర్మాగారములోని ఈస్టు గోడల నడుమనే యుండును. పొలములోని పైరు గాలికి, పురుగుకు, పొరుగు చేనికి ఎదురుగా నుండును. కావున జాగ్రత్త ఎక్కువ కావలెను. ఒకే విషమునకు తరతరములుగా ఎదురైన పురుగులలో దానిని తట్టుకొను సంతతి మిగులును. అందుచేతనే పొలము అంచున సాధారణ ప్రత్తిని ఆశ్రయముగా వేయవలెనని నియమించి, 450 గ్రాముల బి.టి. విత్తనముతోబాటు 120 గ్రాముల సాధారణ విత్తనమును ఇచ్చెడివారు. పలువురు దానిని పారవేసిరి. గులాబిరంగు కాయతొలుచు పురుగు నేడు ఆ రెండు జన్యువుల రకమునకును లొంగకుండుటకు ఇట్టి నిర్లక్ష్యము ఒక కారణము. కలుపుమందును తట్టుకొను ప్రత్తి విత్తనములకు ప్రభుత్వ అనుమతి లేకున్నను, దొంగతనముగా అమ్మువారు కలరు. అట్టి విత్తనము విఫలమైనచో, రసీదు లేని రైతు నష్టపరిహార మడుగుటకు ఆధారము ఉండదు.

పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1989లో ఏర్పడిన నియమములను అనుసరించి, జన్యుమార్పిడి జీవుల వాడుకను పర్యవేక్షించుటకు కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంఘము ఉండవలెను. అనుమానము కలిగినపుడు వ్యవసాయాధికారికిని, ఆ సంఘమునకును తెలుపు హక్కు పంచాయతీకి కలదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

1. గ్రామములోని గర్భిణీ స్త్రీల పట్టికను ఆశా కార్యకర్తతోను, ఏ.ఎన్.ఎం. తోను కలిసి ప్రతి నెల చూడవలెను. ప్రసవపు తేదీ సమీపించినవారు ఆసుపత్రికి పోవుటకు బండి ఏర్పాటు ముందే చేయవలెను. తండాలు, వాగు అవతలి ఇండ్లు మరువరాదు.

2. ఇంటియందు గాని, దారిలో గాని ప్రసవమైనచో ఆ దినముననే ఏ.ఎన్.ఎం.కు కబురు పంపవలెను.

3. ఆసుపత్రినుండి వచ్చిన బాలింత యొక్క తల్లీబిడ్డల కార్డులో పుట్టిననాటి హెపటైటిస్-బి మోతాదు గుర్తింపబడినదా లేదా యని అడుగవలెను. తొలిదినపు మోతాదు తప్పినను, ఆరవ వారమునుండి టీకాలు తప్పక వేయింపవలెను.

4. క్షురకులు ప్రతివారికి క్రొత్త బ్లేడు వాడునట్లును, ఎవరును ఒకసారి వాడిన సూదిని మరల వాడకుండునట్లును గ్రామసభలో తెలియజెప్పవలెను. కామెర్లు వచ్చినవారు పసరుమందుతో కాలము గడపక రక్తపరీక్ష చేయించుకొనవలెనని నచ్చజెప్పవలెను.

5. విత్తుకాలమునకు ముందు, రసీదు, లేబులు లేని ప్రత్తి విత్తనము కొనరాదని చాటింపు వేయింపవలెను.

జననములను మన పంచాయతీ కార్యదర్శికి తెలిపి నమోదుచేయించుటకు చట్టము 21 దినముల గడువు నిచ్చుచున్నది. టీకాకో, గడువు 24 గంటలే. పుస్తకమున పేరు ఎక్కువరకు వేచియున్నచో ఆ గడువు ఎన్నడో దాటిపోవును. కావున పుట్టిన వార్త గ్రామమున తెలిసిన గంటలోనే ఆ యింటికి పోయి, టీకా అందినదా యని అడుగు సభ్యుడు ప్రతి వార్డునందును ఉండవలెను.