స్వయంగా ఫంక్షన్ నిర్మించుట: వెబ్ ఉద్యోగార్థి నేర్వవలసిన తొలి విద్య

1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారిన తిరుత్తణి ప్రాంతమున తెలుగు ఇండ్లలో పుట్టి, తమిళమునో ఆంగ్లమునో మాధ్యమముగా చదివి, ప్రతిదినము రైలెక్కి ఆవడి కళాశాలలకును అంబత్తూరు పారిశ్రామికవాడలోని కార్యాలయములకును వచ్చు యువతీయువకులలో అనేకులు నేడు వెబ్ ప్రోగ్రామింగును జీవనోపాధిగా ఎంచుకొనుచున్నారు. వారికి మార్గము చూపువారు భాషల పేర్లు, కోర్సుల పేర్లు విరివిగా చెప్పుదురు గాని, ఆ భాషలన్నిటికిని ప్రాణప్రదమైన ఒక్క విద్యను, అనగా తనకు కావలసిన ఫంక్షన్‌ను తానే నిర్వచించుకొను నేర్పును, తగినంత నొక్కి చెప్పుట అరుదు.

వెబ్ స్క్రిప్టింగు భాషలలో మిక్కిలి వ్యాప్తిగల పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ రెండును 1995లోనే వెలువడినవి. మొదటిదానిని రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత వెబ్ పుటల కొరకు ఆరంభించెను. రెండవదానిని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రచించెను. వెబ్‌సైట్లను నడుపు వర్డ్‌ప్రెస్ పీహెచ్‌పీలో వ్రాయబడినది. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను నడుపు మీడియావికీయు అట్టిదే. కనుక ఈ విద్య తెలుగు పాఠకులకు అపరిచితమైన లోకమునకు చెందినది కాదు.

ఫంక్షన్ స్వరూపము

ఆవడిలో 1961లో స్థాపితమైన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీలో ట్యాంకు ఒకే ఇనుప ముద్దనుండి పుట్టదు. ప్రతి భాగమును దాని డ్రాయింగు ననుసరించి వేరుగా చేసి, కొలిచి, పరీక్షించి, పిమ్మట కూర్తురు. మంచి ప్రోగ్రాము నిర్మాణమును ఇట్టిదే; అందలి ఒక్కొక్క భాగమే ఫంక్షన్. ఫంక్షన్ అను కీలకపదము, ఒక పేరు, కుండలీకరణములలో పారామీటర్లు, మీసాల బ్రాకెట్లలో చేయవలసిన పని, చివర రిటర్న్ ద్వారా వెలువడు ఫలితము: ఇంతమాత్రమే దాని స్వరూపము. అయినను ఏ పనిని ఎచట విడదీసి, దానికి ఏ పేరు పెట్టవలెనో నిర్ణయించుటయందే ప్రోగ్రామరు వివేకము బయటపడును.

ఒక ఉదాహరణము

ఒక దుకాణమునకు బిల్లుల వెబ్‌సైటు చేయుచున్నారనుకొనుడు. పీహెచ్‌పీలోని నంబర్ ఫార్మాట్ ఫంక్షన్ 1234567 అను సంఖ్యను 1,234,567 అని చూపును. మన వ్యాపారికి కావలసినది 12,34,567. ఈ మార్పును ప్రతి పుటలోను మరల మరల వ్రాయు విద్యార్థి, ఒక్కచోట దోషము కనుగొన్నచో పది చోట్ల దిద్దవలసివచ్చును. దానినే ఒక ఫంక్షన్‌గా నిర్వచించినవాడు చివరి మూడంకెలైన 567ను ప్రక్కన పెట్టి, మిగిలిన 1234ను కుడినుండి రెండేసి అంకెలుగా విడదీసి, కామాలతో కలిపి రిటర్న్ చేయును. సున్న, 999, 1000, 100000, ఋణసంఖ్య, పైసలతో కూడిన మొత్తము: వీనినన్నిటిని ఇచ్చి పరీక్షించిననాడే ఆ ఫంక్షన్ పూర్తియైనట్లు. పీహెచ్‌పీ ఇంట్ల్ (intl) ఎక్స్‌టెన్షన్‌లో ఈ పనికి సిద్ధసాధనము కలదు. భాషలోనున్నదానిని ముందు వెదకి, లేనిచో నిర్మించుట వృత్తిధర్మము. అయినను అభ్యాసార్థము ఒకసారి స్వయముగా వ్రాయక తప్పదు.

ఇచట ఆరంభకులు చేయు పొరపాటు ఒకటి గలదు. ఫలితమును రిటర్న్ చేయుటకు మారుగా ఫంక్షన్ లోపలనే ఎకో అను ఆదేశముతో తెరపై ముద్రింతురు. అట్లు చేసిన మొత్తము పుటపై కనబడును గాని, దానినే ఈమెయిలులో పంపవలసినపుడును, రసీదులో చేర్చవలసినపుడును ఆ ఫంక్షన్ నిరుపయోగమగును. వేరియబుల్ పరిధిని గూర్చియు శ్రద్ధ వహింపవలెను: పీహెచ్‌పీ ఫంక్షన్ లోపల బయటి వేరియబుళ్లు వాటంతట అవి కనబడవు, పారామీటరుగా పంపవలెను, జావాస్క్రిప్టులో బయటివి లోపల కనబడును. ఈ భేదము తెలియక గంటల కాలము వ్యర్థపుచ్చుకొనువారు పెక్కుమంది.

తెలుగు, తమిళముల అక్షరములతో పని చేయువారికి మరియొక జాగ్రత్త అవసరము. "ఆవడి" అను పదము మనకు మూడక్షరములే. పీహెచ్‌పీలోని స్ట్ర్‌లెన్ యూటీఎఫ్-8 బైట్లను లెక్కించి 12 అనును, ఎంబీ స్ట్ర్‌లెన్ 4 అనును, గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్ మాత్రమే 3 అని చెప్పును. పేరు పొడవును పరీక్షించు ఫంక్షన్ వ్రాయునపుడు ఏ లెక్క తీసుకొనవలెనో తెలిసిన అభ్యర్థి, ప్రాంతీయభాషలలో సేవలందించు సంస్థలకు నిజముగా ఉపయోగపడును.

అభ్యాసక్రమము

మొదటి నెలలో పారామీటరు, రిటర్న్, పరిధి అను మూడింటిని చిన్న ఉదాహరణములతో స్థిరపరచుకొనుడు. రెండవ నెలలో బిల్లు మొత్తము, పన్ను, తేదీ, ఫోను నంబరు పరీక్ష వంటి నిత్యావసరములకు పది ఫంక్షన్లు వ్రాసి, ఒక్కొక్కటి ఒకే పని చేయునట్లు చూచుకొనుడు. మూడవ నెలలో వానిని ఒక ఫైలున చేర్చి, పరీక్షలు జతపరచి, గిట్‌హబ్‌లో నుంచుడు. పారామీటర్ల రకములను ప్రకటించు అలవాటును ఆదినుండియే చేసికొనుడు. సంఖ్య, స్ట్రింగు వంటి మౌలికరకములకు ఆ సౌకర్యము 2015లో వెలువడిన పీహెచ్‌పీ 7 నుండి కలదు.

పేర్ల విషయమున ఒక మాట. పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ రెండును ఫంక్షన్‌కు తెలుగులిపిలో పేరు పెట్టుటకు అనుమతించును. ఇంటివద్ద నేర్చుకొనునపుడు అది మేలే. కాని తమిళులు, మలయాళులు, ఉత్తరాదివారు కలిసి పనిచేయు కార్యాలయములలో ఎల్లరు చదువగల ఆంగ్లనామమే ఉచితము.

ఇంటర్వ్యూలో మీరు వ్రాసిన ఫంక్షన్‌ను చూపి, "దీనికి ఖాళీ విలువ ఇచ్చిన ఏమగును?" అని ప్రశ్నించినపుడు తడబడక సమాధానము చెప్పగలిగితిరేని, అది ఏ సర్టిఫికెట్టు కన్నను బలమైన సాక్ష్యము. ఇతరుల కోడును తెచ్చి అతికించుటతో నేడు పని గడచినట్లు తోచవచ్చును. కాని దానిని విప్పి, అర్థము చేసికొని, తన అవసరమునకు తగినట్లు తిరిగి నిర్మింపగలవాడే ఉద్యోగమున నిలుచును, పైకి వచ్చును. కావున మిత్రులారా, మరియొక కోర్సులో చేరుటకు ముందు ఈ వారమే ఒక్క ఫంక్షన్‌ను ఆద్యంతము మీరే వ్రాసి, పరీక్షించి, తోటివారికి వివరించి చూడుడు.