పది తర్వాత పశుసంవర్ధక డిప్లొమా

ప్రశ్న: మాకు నాలుగు గేదెలున్నాయి. పది పాసైన మా అమ్మాయి పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చేరతానంటోంది. చేర్పించమంటారా? – ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: తప్పకుండా చేర్పించండి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఇచ్చే ఈ డిప్లొమా 2 ఏళ్లు. నా దృష్టిలో దీని అసలు విలువ పాకలోనే తెలుస్తుంది. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవదు, తీగలు స్పష్టంగా కనబడవు. అది గుర్తించలేకపోతే మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి, అన్నాళ్లూ మేత దండగే. పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూది వేయించాలని, పుట్టిన దూడకు గంటలోపే జున్నుపాలు పట్టాలని మీ అమ్మాయి కారణంతో సహా నేర్చుకుంటుంది.

ఒకటి మాత్రం ముందే చెప్పండి: దీంతో డాక్టరు కాలేదు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం, డిప్లొమా వాళ్లు రిజిస్టరైన వైద్యుడి పర్యవేక్షణలో చిన్నపాటి చికిత్సలే చేయాలి. డాక్టరే కావాలనుకుంటే ఇప్పుడే ఇంటర్ బైపీసీలో చేర్చండి.