ముర్రుపాలు ఎవరి కోసం?

విద్యార్థులారా! మన గన్‌ఫౌండ్రీ ఇళ్లకు పాలవాడు ఎప్పుడైనా ముర్రుపాలు తెస్తే ఆ రోజు పండుగే. బెల్లం, యాలకులు కలిపి ఆవిరిపై ఉడికిస్తే జున్ను తయారు! మామూలు పాలు ఇలా గట్టిపడవెందుకు? ముర్రుపాలలో మాంసకృత్తులు చాలా ఎక్కువ. వేడికి అవి గడ్డకడతాయి.

ఆ మాంసకృత్తులలో పెద్ద వాటా ప్రతిరక్షకాలది. మానవ శిశువుకు ఇవి తల్లి కడుపులోనే మాయ ద్వారా అందుతాయి. దూడకు అలా అందవు. పుట్టిన కొత్తలో దాని పేగు గోడ ప్రతిరక్షకాలను ఉన్నవి ఉన్నట్టే రక్తంలోకి పోనిస్తుంది. ఈ దారి గంటగంటకూ మూసుకుపోతూ, సుమారు 24 గంటలకు మూతపడుతుంది.

ముర్రుపాలలో మరో నిధి, వృద్ధి కారకాలు. 'ఇన్సులిన్ వంటి వృద్ధి కారకం-1' వీటిలో ఒకటి. ఇవి అతి స్వల్పంగా ఉన్నా, విభజన చెందమని పేగు కణాలకు సంకేతమిస్తాయి. ఆంత్రచూషకాలు పెరుగుతాయి, ఆహారాన్ని పీల్చుకునే వైశాల్యమూ పెరుగుతుంది. వృద్ధి కారకాలను కనుగొన్నందుకే స్టాన్లీ కోహెన్, రీటా లెవీ-మొంటాల్చినీలకు 1986లో నోబెల్ బహుమతి లభించింది. కొద్ది రోజులలో ముర్రుపాలు మామూలు పాలుగా మారేసరికి ఈ కారకాలు బాగా తగ్గిపోతాయి.

కొన్ని పల్లెల్లో మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వరు. అందుకు గంటలు పట్టవచ్చు. అంతలో విలువైన సమయం గడిచిపోతుంది! 30 కిలోల దూడకు మొదటి రోజు దాదాపు 3 లీటర్ల ముర్రుపాలు కావాలి. తొలి విడత రెండు గంటలలోపే పట్టాలి.

సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో గేదె ఈనితే ఈ సంగతి పెద్దలకు చెప్పండి. ముందు దూడ కడుపు నిండాలి. మిగిలితేనే మనకు జున్ను!