పాడి లెక్క పొలంలో మొదలవుతుంది

(సంఘ సభ్యుల శిక్షణ పాఠం)



వ్యవసాయం రాష్ట్రానికి ఆధారమని ప్రతి సభలోనూ వింటూ ఉంటాము. కాని ఆ ఆధారం ఎంతటిది, అందులో మన పాల వాటా ఏపాటిది, ఆ వాటా నిలవాలంటే మన పొలంలో ఏమి ఉండాలి అనే లెక్క మనలో చాలామందిమి వేసుకోలేదు. పర్చూరు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ లెక్కను ఈ పాఠంలో వివరించదలచాము. పాలకేంద్రం వద్ద పదిమంది చేరినప్పుడు ఎవరైనా ఒకరు దీనిని చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.

రాష్ట్రపు లెక్క ఎట్లా వేస్తారు?

ఒకప్పుడు సర్కారుకు వ్యవసాయమంటే శిస్తు. 1921-22లో మన పొరుగున ఉన్న పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి గారి నాయకత్వాన శిస్తు కట్టము పొమ్మన్నప్పుడు ఆంగ్ల ప్రభుత్వం ఎందుకంత కలవరపడిందో దీనినిబట్టి గ్రహించవచ్చు. నేడు లెక్క వేరు. రైతు ఎంత శిస్తు కట్టాడని కాదు, ఏడాదిలో ఎంత విలువను కొత్తగా సృష్టించాడని చూస్తారు.

ఈ లెక్క కష్టమైనది కాదు. పండిన పంట, పితికిన పాలు, పట్టిన చేపలు, అన్నింటికీ వెలకడతారు. అందులోనుంచి విత్తనం, ఎరువు, పురుగుమందు, దాణా వంటివాటికి అయిన ఖర్చు తీసివేస్తారు. మిగిలినదే ఆ రంగం రాష్ట్రానికి చేర్చిన విలువ. ఇంట్లో పిల్లలు తాగిన పాలు, పొలానికి తోలిన పేడ కూడా ఈ లెక్కలోకి వస్తాయి. మనం ఇంట్లో వేసుకొనే లెక్కలో మాత్రం ఆ రెండింటినీ తరచు మరచిపోతాము.

ఇటీవలి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లో ఇట్లా చేరిన మొత్తం విలువలో మూడో వంతుకు పైగా వ్యవసాయం, దాని అనుబంధ రంగాల నుంచే వస్తున్నది. దేశం మొత్తం మీద ఈ వాటా ఐదో వంతుకు లోపే. 2014లో రాష్ట్రం విడిపోయి, హైదరాబాదు చుట్టూ ఉన్న పరిశ్రమలు, సేవలు తెలంగాణకు వెళ్ళిన తరువాత మన రాష్ట్రం వ్యవసాయం మీద మరింతగా ఆధారపడవలసి వచ్చింది. ఈ అనుబంధ రంగాలలో పశుపోషణ, చేపలు, రొయ్యలు ప్రధానమైనవి. దేశంలో వెలకట్టి చూస్తే పాలను మించిన వ్యవసాయోత్పత్తి మరొకటి లేదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి రాష్ట్రంలో పనిచేసేవారిలో సుమారు 60 శాతం మంది సాగుదారులు, వ్యవసాయ కూలీలే. అంటే వచ్చే విలువలో వాటా తక్కువ, దానిని పంచుకోవలసిన చేతులు ఎక్కువ. పల్లెలో అప్పు ఎందుకు తీరడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

పర్చూరు నేల చెప్పే పాఠం

పర్చూరు మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాయే తరువాత ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ నుంచి పర్చూరు బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా నల్లరేగడి మారలేదు. ఆ నేలలో పత్తి, మిరప, పొగాకు, శనగ పండించి ఈ ప్రాంతపు రైతు రాష్ట్రానికి ఎంతో విలువ చేర్చాడు. పత్తి వెంట జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు, నూనె మిల్లులు వచ్చాయి. మిరప వెంట గుంటూరు యార్డు, శీతల గిడ్డంగులు పెరిగాయి. ఒక్క బస్తా కాయ పొలం దాటి వెళ్ళితే ముఠా కూలీ మొదలు లారీ డ్రైవరు దాకా ఎందరికో పని దొరుకుతుంది.

కాని ఇవన్నీ ఏడాదికి ఒక్కసారి డబ్బు చూపే పంటలు. ఆ ఒక్కసారి తప్పితే మళ్ళీ ఏడాది దాకా దిక్కులేదు. 1987-88లో తెల్లదోమ పత్తిని కబళించింది. మందు మీద మందు కొట్టినకొద్దీ దోమ పెరిగిందే గాని తగ్గలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పులపాలైన పత్తి రైతులు పలువురు ఆ ఏడాది ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటలను దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటిన మిచౌంగ్ తుపాను చేతికి రావలసిన పైరును నీట ముంచింది. 2025లో మిరప ధర పడిపోయింది. అదే ఏడాది నల్ల బర్లీ పొగాకుకు కొనుగోలుదారులు ముందుకు రాక మార్క్‌ఫెడ్ ద్వారా కొనిపించవలసి వచ్చింది.

ఈ సంవత్సరాలన్నింటిలోనూ గేదె ఉన్న ఇంటికి ఒక తేడా కనబడుతుంది. పంట పోయినా పూటపూటకూ పాలు కేంద్రానికి వెళ్ళాయి, బిల్లు వచ్చింది. అది అప్పు తీర్చేంత పెద్ద మొత్తం కాదు. పచారీ కొట్టు బాకీ, పిల్లల చదువు, మందుల ఖర్చు మాత్రం గడిచాయి. పూట గడవడానికి కొత్త అప్పు చేయనవసరం లేకపోవడం కష్టకాలంలో చిన్న మేలు కాదు.

పంట అమ్మేది, పశువుకు మిగిల్చేది

ఇక్కడే మేము ముఖ్యంగా చెప్పదలచిన విషయం ఉంది. మన పొలాలు ఎక్కువ డబ్బు ఇచ్చే పంటలకు మారినకొద్దీ పశువుకు మిగిలే మేత తగ్గిపోయింది. జొన్న వేస్తే గింజ మనకు, చొప్ప పశువుకు. వరి వేస్తే బియ్యం, తవుడు, గడ్డి. పత్తి కట్టె పొయ్యిలోకి తప్ప గాటిలోకి పనికిరాదు. మిరప కట్టె అంతే. పొగాకు సంగతి చెప్పనక్కరలేదు. పత్తి గింజ నుంచి చెక్క వస్తుంది, నిజమే. అది మన పొలంలోనే పుట్టినా, మిల్లుకు పోయి, వెల పెంచుకొని తిరిగి మన కొట్టానికి వస్తుంది.

పైగా మందు కొట్టిన పత్తి, మిరప చేల గట్ల మీది గడ్డిని కోసుకొచ్చి వేయడం ప్రమాదం. పశువుకు విషం తగలవచ్చు, మందు అవశేషాలు పాలలోకీ రావచ్చు.

కాబట్టి మేత అంతా కొనవలసి వస్తున్నది. ఇందాక చెప్పిన లెక్క గుర్తుంచుకోండి. కొన్న మేత వెలను పాడి విలువ నుంచి తీసివేస్తారు. రాష్ట్రపు లెక్కలో మాత్రమే కాదు, మీ ఇంటి లెక్కలోనూ జరిగేది అదే. పాల ఉత్పత్తి ఖర్చులో మేతది, దాణాది కలిపి సగానికి మించిన భాగం.

ఒక గేదె లెక్క

ఈ దిగువ ధరలు లెక్క నేర్చుకొనేందుకు మాత్రమే. మీ ఊరి ధరలు వేసి మీరే చూసుకోండి.

గేదె రోజుకు 8 లీటర్లు ఇస్తున్నదనుకొందాము. లీటరు 60 రూపాయల చొప్పున, ఇంట్లో వాడుకొన్న 2 లీటర్లతో సహా, 480 రూపాయలు. దాణా శరీర పోషణకు 2 కిలోలు, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున 4 కిలోలు, వెరసి 6 కిలోలు. కిలో 30 వంతున 180 రూపాయలు. ఎండుమేత 6 కిలోలు, కిలో 10 వంతున 60. పచ్చిమేత 25 కిలోలు, కిలో 3 వంతున 75. మందులు, బీమా వగైరా 20. మొత్తం ఖర్చు 335. మిగిలేది 145 రూపాయలు. ఇంటివారి కష్టానికి కూలీ ఇంకా కట్టలేదు.

అదే పచ్చిమేత, ఎండుమేత సొంత పొలంలోవి అయితే, వాటిని పెంచేందుకు రోజుకు 40 రూపాయలు ఖర్చు వేసుకొన్నా మొత్తం ఖర్చు 240. మిగిలేది 240. గేదె అదే, పాలు అవే. తేడా రోజుకు 95 రూపాయలు. వట్టిపోయిన నెలలలో పాలు ఉండవు గాని మేత తప్పదు. కనుక ఆ నెలల ఖర్చును పాలిచ్చే నెలల మిగులు నుంచే భరించవలసి ఉంటుందని మరువరాదు.

మరొక సంగతి. ఎండుమేత తగ్గించి దాణా మాత్రమే పెంచితే వెన్న శాతం పడిపోతుంది. పచ్చిమేత లేకపోతే గేదె సకాలంలో ఎదకు రాదు. ఈత ఆలస్యమైన ప్రతి నెలా ఆదాయం లేని నెలే.

సభ్యులు చేయవలసినవి

1. నీటి వసతి ఉన్నవారు గేదెకు 10 సెంట్ల చొప్పున నేపియరు గడ్డి వేయండి. మంచి సాగులో ఎకరానికి ఏటా 100 టన్నుల దాకా వస్తుంది. 10 సెంట్లలో 10 టన్నులు, అంటే రోజుకు 27 కిలోలు.

2. వర్షాధారపు నేలలో, కౌలు నేలలో ఏళ్ళ తరబడి ఉండే గడ్డి వేయడం కుదరదు. అట్టివారు తొలకరిలో మేత జొన్న, దానితో అలసంద కలిపి వేసుకోవచ్చు. లేత జొన్న, వానలేక వాడిన జొన్న మేపితే నాము వేసి పశువు చనిపోతుంది. పూతకు వచ్చిన తరువాతనే కోయాలి.

3. కాలువ కింద వరి కోసినవారు ఆ తేమలోనే పిల్లిపెసర, జనుము చల్లుకోవచ్చు. వరిగడ్డిని పొలంలో తగులబెట్టవద్దు.

4. శనగ నూర్చినప్పుడు పడే పొట్టును గాలికి వదలక, తడవకుండా నిలవచేయండి. ఇతర మేతతో కలిపి వేయవచ్చు. బూజు పట్టిన చెక్క ఎంత చౌకగా దొరికినా కొనవద్దు. ఆ బూజు విషం పాలలోకి వస్తుంది.

5. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి పశుపోషణకు కూడా వర్తిస్తున్నది. మేత, దాణా ఖర్చులకు వడ్డీ వ్యాపారి వద్దకు వెళ్ళే ముందు బ్యాంకులో విచారించండి.

సంఘం చేయవలసినవి

దేశంలో 1970లో పాలవెల్లువ మొదలైననాటికి ఏడాదికి 2 కోట్ల టన్నులకు కొంచెం పైగా ఉన్న పాల ఉత్పత్తి, 2023-24 నాటికి దాదాపు 24 కోట్ల టన్నులకు చేరింది. ఇది పెద్ద డెయిరీలు సాధించిన పని కాదు. ఒకటి రెండు పశువులున్న లక్షలాది ఇళ్ళు పాలు పోసి సాధించినది. విడివిడిగా అమ్మితే వారికి ధర లేదు, సంఘంగా అమ్మితే ఉంది. మేత విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుందని మా నమ్మకం.

పాలకవర్గంవారు ఊరిలో ఎందరు సభ్యులకు సొంత మేత ఉన్నదో పుస్తకం వేయాలి. సెంటు భూమి లేని సభ్యుల కోసం సంఘం పేర ఒకటి రెండు ఎకరాలు కౌలుకు తీసుకొని ఉమ్మడి గడ్డిక్షేత్రం పెంచి, పంచిన మేత వెలను పాల బిల్లులో మినహాయించుకోవచ్చు. కోతల కాలంలో వరిగడ్డి కట్టలు చౌకగా ఉన్నప్పుడే కలిసి కొని నిలవచేయవచ్చు. కొట్టంలో పని ఎక్కువగా చేసేది ఇల్లాలే గనుక సభ్యత్వం, బ్యాంకు ఖాతా ఆమె పేర ఉండడం న్యాయం.

పత్తి వేయవద్దు, మిరప వేయవద్దు అని మేము అనడం లేదు. రాష్ట్రానికీ మీ ఇంటికీ ఆ పంటలు కావాలి. ఎకరాలకు ఎకరాలు బజారు కోసం వేసే మనం, ఇంట్లో గేదె కోసం పది సెంట్లు విడిచిపెట్టలేమా అన్నదే మా ప్రశ్న. పురుగు పడిన ఏడాది, ధర పడిన ఏడాది మనకు అండగా నిలిచేది ఆ పది సెంట్లే.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ గేదెకు నిన్న వేసిన మేతలో కొన్నది ఎంత, పొలంలోది ఎంత?

2. ఇంట్లో వాడుకొన్న పాలకు, పొలానికి తోలిన పేడకు వెలకడితే నెలకు ఎంత అవుతుంది?

3. మీ ఊరిలో పదేళ్ళ కిందట జొన్న ఎన్ని ఎకరాలు ఉండేది, ఇప్పుడు ఎన్ని?

4. ఉమ్మడి గడ్డిక్షేత్రానికి మీ ఊరిలో నీరున్న భూమి ఎక్కడ దొరుకుతుంది?

ఈ నాలుగింటికీ జవాబులు రాసుకొని వచ్చే మహాజన సభకు తీసుకురావలసిందిగా సభ్యులను, కార్యదర్శులను కోరుతున్నాము.