ఆగస్టు 29

ఏడాదికి ఉన్నవి 365 దినాలు. పుట్టినవారూ జరిగిన ఘటనలూ అసంఖ్యాకం. కనుక ఏ తేదీని తీసుకున్నా, ఒకదానితో మరొకదానికి పొత్తులేని సంగతులు పక్కపక్కన చేరి కనిపిస్తాయి. ఆ చేరికకు గ్రహబలం కారణమనేవారు ఉండవచ్చుగాని, సామాన్యమైన లెక్కే చాలు. అయితే అలా చేరిన వాటిలో దేనిని స్మరించుకోవాలన్నది మాత్రం మనుషుల నిర్ణయం.

1831 ఆగస్టు 29న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయానికి ఇరువైపులా రాగితీగ చుట్టి ప్రయోగం చేశారు. ఒక చుట్టలో విద్యుత్తును పంపినప్పుడూ, ఆపినప్పుడూ రెండవ చుట్టకు కలిపిన సూచిక కదిలింది. భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ అని చదువుకొనేది అదే. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరుకు మూలం ఆ వలయమే. ఫారడే కమ్మరి కుమారుడు. పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకుంటూ, ఆ పుస్తకాలనే చదివి శాస్త్రజ్ఞుడయ్యారు. అయినా తెలుగునాట ఈ దినం ఆయన పేరున లేదు.

తెలుగువారికి ఇది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి దినం. 1863లో ఆయన నేటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, ముఖలింగ ఆలయ శాసనాలను స్వయంకృషితో చదవనేర్చారు. ఆ చుట్టుపట్ల కొండల్లోని సవరల పలుకు ఆయనను ఆకర్షించింది. ఒక సవర యువకుణ్ణి ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. అందులో పుస్తకాలు వ్రాశారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. మలేరియాకు వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించింది. పరుల పలుకును చెవియొగ్గి వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి అంతకంటె పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆగలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది.

సవరల నోటిమాటకు ఇచ్చిన గౌరవాన్నే తెలుగువారి నోటిమాటకూ ఇవ్వాలని ఆయన పట్టుబట్టారు. ఆ వివాదం పండితుల గోష్ఠులకే పరిమితం కాలేదు; పరీక్షగదిని కూడా తాకింది. విద్యార్థి తెలుగు వ్యాసాన్ని కావ్యవ్యాకరణం తడుముకుంటూ వ్రాయాలా, శిష్టజనులు మాట్లాడే భాషలో వ్రాయవచ్చునా? మార్కులు ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉండేవి. గిడుగు, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, జె.ఏ. యేట్స్ ఒకవైపు నిలిచారు; జయంతి రామయ్య పంతులు ప్రభృతులు మరొకవైపు నిలిచారు. ప్రాంతానికొక తీరుగా ఉండే పలుకును ప్రమాణం చేస్తే భాషకు నిలకడ పోతుందని గ్రాంథికవాదుల భయం. ఆ భయాన్ని తేలికగా తీసిపారవేయడం న్యాయం కాదు. గిడుగువారు మాత్రం దానికి శాస్త్రపద్ధతిలోనే బదులు చెప్పారు. గ్రాంథికవాదుల రచనల్లోనే వారి వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపారు.

1914లో గురజాడ మదరాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పటికి గెలుపు గ్రాంథికవాదులదే. గిడుగువారు వెనుదీయక 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా రాజమహేంద్రవరం తరలివచ్చారు. 1940 జనవరిలో కన్నుమూసేనాటికి ఆయన వాదం విశ్వవిద్యాలయాల్లో ఇంకా పూర్తిగా నెగ్గలేదు. నేడు విద్యార్థి జవాబుపత్రం నింపేది ఆయన కోరిన భాషలోనే. ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

దేశమంతటికీ ఇదే జాతీయ క్రీడాదినోత్సవం. హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ 1905లో ఇదే తేదీన అలహాబాదులో జన్మించారు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్లలో ఆయన ఉన్నారు. బెర్లిన్‌లో జర్మనీని 8-1 తేడాతో ఓడించిన తుదిపోరు వాన వల్ల ఒకరోజు వాయిదాపడి 1936 ఆగస్టు 15న జరిగింది. ఆ తేదీకి మరో పదకొండేళ్ళలో రానున్న అర్థం అప్పుడెవరికి తెలుసు!

ఈ దినానికి చీకటి పక్షం కూడా ఉంది. 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్ మైదానంలో పేల్చింది. నలభై ఏళ్ళలో అక్కడ 456 పరీక్షలు జరిగాయి. పరిసర గ్రామాల ప్రజలు అణుధూళిని పీల్చి రోగగ్రస్తులయ్యారు. ఆ దుష్ఫలితం తరువాతి తరాన్నీ వదలలేదు. 1989లో ఓల్జాస్ సులేమెనోవ్ అనే కవి ఆ పరీక్షలను ఆపాలని ప్రజోద్యమం లేవదీశారు. అణుబాంబుకు ఎదురునిలిచినవాడు ఒక కవి కావడం సాహిత్య విద్యార్థులు గమనించదగిన సంగతి. 1991లో ఆ మైదానాన్ని మూసివేస్తూ అధ్యక్షుడు నజర్బాయేవ్ ఉత్తర్వు ఇచ్చిన తేదీ కూడా ఆగస్టు 29. ఈసారి తేదీల కలయిక వట్టి యాదృచ్ఛికం కాదు. 2009లో ఐక్యరాజ్యసమితి ఆ దినాన్నే అణుపరీక్షల వ్యతిరేక అంతర్జాతీయ దినంగా ప్రకటించింది.