రోకలి ఇంజను, తిరగలి ఇంజను: కందెన ఎంపిక

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని తెలుగున ఒక సామెత కలదు. గత విద్యాసంవత్సరంలో తరగతిలో ఈ సామెత చెప్పి, కందెన అనగా నేమి అని అడిగాను. నలభై మంది కూర్చున్న గదిలో లేచినది ఒక్క చేయి మాత్రమే. ఆ కుర్రవాడు మా కురుపాం వైపువాడే. వాని తండ్రి కురుపాం నుండి గుమ్మలక్ష్మీపురానికీ, ఆపైన కొండ పల్లెలకూ జీపు నడుపుతాడు. "ఇంజను ఆయిలే కదండీ మాస్టారూ" అన్నాడు. నేను ఎదురుచూచిన జవాబు వేరు. ఎడ్లబండి ఇరుసుకు పూయుటకై ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపి నూరిన నల్లని ముద్ద నా మనస్సులో ఉన్నది. అయినను వాని మాట తప్పని అనలేకపోయాను. ఇరుసు మారినది గాని పని మారలేదు.

తరగతి ముగిసిన పిమ్మట అతడే నా వెంట వచ్చి, "జపాను వాళ్ళు పిస్టను లేని ఇంజనుతో కారు చేశారటండీ. దానికి ఏ ఆయిలు పోస్తారు మాస్టారూ?" అని అడిగాడు. తెలుగు ఉపన్యాసకునికి ఇట్టి ప్రశ్న ఎదురగుట అరుదు. మా కొండదారిలో అట్టి కారును నేనెన్నడూ చూడలేదు. కాని ఆ ప్రశ్నకు జవాబు కొంత తెలుసును. తెలియుటకు చెల్లించిన మూల్యం కూడ ఉన్నది. అది ముందు ముందు చెబుతాను.

మనం నిత్యం చూచే మోటారు ఇంజను రోకలి వంటిది. సిలిండరు రోలు, పిస్టను రోకలి. అది పైకీ క్రిందికీ ఆడుతుంది, ఆ ఆటను క్రాంకు షాఫ్టు గుండ్రని తిరుగుడుగా మారుస్తుంది. జర్మనీ దేశీయుడు ఫెలిక్స్ వాంకెల్ (1902–1988) రోకలిని మాని తిరగలిని ఎంచుకున్నాడు. ఆయన ఇంజనులో నడుము కొంచెం నొక్కిన కోడిగ్రుడ్డు ఆకారంలో ఒక గది ఉంటుంది. అందులో ప్రక్కలు ఉబ్బిన ముక్కోణపు దిమ్మ ఒకటి తిరుగుతుంది. దాని పేరు రోటరు. తిరగలి రాయి వలె ఒకే కేంద్రం మీద కాక, కొంచెం ప్రక్కకు జరుగుతూ తిరుగుతుంది. మూడు కొనలూ ఎల్లప్పుడు గోడను అంటిపెట్టుకొని ఉంటాయి. రోటరు ఒక చుట్టు తిరిగేలోపల షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. గాలి, పెట్రోలు పీల్చుట, నొక్కుట, మండించుట, పొగ వదలుట అనే నాలుగు పనులూ గోడ వెంబడి ఒకదాని ప్రక్కన ఒకటిగా జరిగిపోతాయి. కవాటములతో పని లేదు, ఎగురుదుముకుల అదురు లేదు.

వాంకెల్ తొలి నమూనా 1957లో నడిచింది. జర్మనీలోని ఎన్.ఎస్.యు. సంస్థ 1964లో స్పైడర్ అను కారును, 1967లో ఆర్.ఓ. 80 అను పెద్ద కారును వెలువరించింది. ఆ రెండవదాని కొనల బిగింపులు త్వరగా అరిగిపోయి, ఇంజనులు ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చి, సంస్థ ఆర్థికంగా క్రుంగింది. 1969లో ఫోక్స్‌వాగన్ నీడలో మరొక సంస్థతో కలిసిపోయింది. జపానులో హిరోషిమా నగరపు మాజ్డా సంస్థకు కూడ ఇదే తంటా వచ్చింది. కొనలు అదురుతూ రాపిడి చేయుటచే గోడ మీద వరుసగా గీతలు పడేవి. ఇంజనీర్లు వాటిని దయ్యపు గోళ్ళ గీతలని పిలుచుకున్నారు. కెనిచి యమమోతో నాయకత్వాన వారు కర్బనంలో అల్యూమినియం చొప్పించిన కొనలు తయారుచేసి, 1967లో కాస్మో స్పోర్ట్ కారును అమ్మకానికి పెట్టారు. ఆ వంశంలో వచ్చిన ఆర్.ఎక్స్.-8 ఉత్పత్తి 2012లో ఆగింది. 2023లో అదే సంస్థ విద్యుత్ కారులో బ్యాటరీకి విద్యుత్తు అందించుటకై చిన్న రోటరీ ఇంజనును మరల ఉపయోగించింది.

ఇక నూనె సంగతి. రోకలి ఇంజనులో నూనె అడుగు తొట్టిలో ఉంటుంది. పంపు దానిని పైకి తోడి బేరింగులకు అందిస్తుంది. సిలిండరు గోడకు అంటిన నూనెను పిస్టను రింగు గీకి మరల తొట్టిలోకి నెట్టివేస్తుంది. నూనె మండరాదు. మండినదంటే రింగులు అరిగినవని మెకానిక్కు చెబుతాడు. రోటరీ ఇంజనులో కొనలు నిప్పు మండే గోడ మీదనే రాపిడి చేస్తూ పరుగెడతాయి. అక్కడికి క్రింది నుండి నూనె చేరే దారి లేదు. అందుచేత తొట్టిలోని నూనెనే ఒక చిన్న కొలత పంపు కొద్దికొద్దిగా గదిలోకి చిమ్ముతుంది. ఆ నూనె కొనలను తడిపి, పెట్రోలుతో పాటు మండి, పొగగొట్టం గుండా పోతుంది. కనుక ఆరోగ్యంగా ఉన్న రోటరీ ఇంజను కూడ నూనె త్రాగుతుంది. అది రోగం కాదు, స్వభావం. నూనె కొలిచే పుల్లను మాటిమాటికీ తీసి చూడని యజమాని దానికి తగడు.

ఇంతటితో ఆగితే నూనె ఎంపిక సులభమే. కాని తొట్టిలో మిగిలిన నూనెకు వేరే పనులు కూడ ఉన్నాయి. అది బేరింగులను కాపాడాలి, రోటరు లోపలికి పోయి దాని వేడిని మోసుకొని రావాలి. కొనలను తప్పించుకొని వచ్చే పెట్రోలు ఆవిరితో పలుచనైనా పట్టు వదలరాదు. అనగా ఒకే నూనె నిలిచి ఉండుటకూ తగాలి, మండిపోవుటకూ తగాలి. తిరగలి ఇంజనుకు నూనె ఎంచుటలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

మండిపోవలసిన నూనె సంగతి నాకు ఎట్లు తెలిసినదనగా, 2012 వేసవి సెలవుల్లో విశ్వవిద్యాలయం నుండి కురుపాం వచ్చినపుడు నాన్నగారు వాడి విడిచిన పాత బజాజ్ చేతక్ స్కూటరు నా చేతికి వచ్చింది. అది రెండు స్ట్రోకుల బండి. పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున 2టి నూనె కలిపి పోయాలి. ఆ మిశ్రమమే ఇంజను లోపలి భాగాలను తడిపి, తరువాత మండుతుంది. ఒక దుకాణంలో 2టి నూనె లేదన్నారు. పార్వతీపురం దాకా పోవుటకు బద్ధకించాను. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్లు, మా మామూజాన్ జీపు కోసం కొని ఉంచిన డీజిలు ఇంజను నూనె డబ్బా కనబడింది. ఖరీదైన నూనె, చిక్కని నూనె, ఇంతకన్న మేలు ఏమున్నదనుకొని నెల దినాలు అదే కలిపాను.

మొదట ప్లగ్గు మాటిమాటికీ చెడిపోయేది. గీకి మరల బిగించేవాడిని. చివరకు ఒక సాయంకాలం గుమ్మలక్ష్మీపురం దాటి ఎత్తు ఎక్కుతుండగా ఇంజను ఒక్క కీచుమన్న శబ్దంతో బిగుసుకొనిపోయింది. చీకటిలో బండిని తోసుకుంటూ దిగాను. మరునాడు మామూజాన్ సిలిండరు విప్పి, పిస్టను తల మీద గట్టిపడిన బూడిద రంగు పెచ్చును గోటితో గీకి చూపి అన్న మాట ఇది. "బేటా, ఇది జీపు దాచుకునే నూనె. నీది తాగే బండి. తాగే బండికి దాచుకునే నూనె పోశావు." సిలిండరు మరల తొలిపించి, కొత్త పిస్టను వేయించుటకైన ఖర్చు నా మెస్సు బిల్లులను మించింది. ఆ సొమ్ము ఆయనే ఇచ్చారు. అది ఆయన జీపు టైర్లకని దాచుకున్న సొమ్మని తరువాత తెలిసింది.

మామూజాన్ చెప్పినదానికి రసాయన శాస్త్రం ఈ విధంగా అర్థం చెబుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను నూనెలో మసిని కడిగే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, రాపిడిని ఆపే జింకు సమ్మేళనం కలుపుతారు. ఇవి లోహ పదార్థాలు. నూనె మండినా ఇవి మండవు, బూడిదగా మిగులుతాయి. సాధారణ ఇంజను నూనెలో ఈ బూడిద నూటికి ఒక వంతు ప్రాంతంలో ఉంటుంది. రెండు స్ట్రోకుల నూనెకు జపాను వారి జాసో ఎఫ్.సి. ప్రమాణం విధించిన హద్దు 0.25 శాతం. చూచుటకు రెండూ నూనెలే, మండిన తరువాత వాటి కథలు వేరు.

ఈ సందర్భాన ఒక ముచ్చట చెప్పక తప్పదు. వాంకెల్ కంటె ముందే రోటరీ అను పేరుతో మరొక ఇంజను ఉండేది. 1909 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు సెగ్విన్ సోదరులు చేసిన నోమ్ విమాన ఇంజనులో షాఫ్టు కదలక, సిలిండర్లన్నీ దాని చుట్టూ గిరగిర తిరిగేవి. దానికి వాడిన కందెన మన ఆముదమే. ఏలయనగా పెట్రోలు ఆవిరి ఖనిజ నూనెను కడిగివేస్తుంది, ఆముదం పెట్రోలులో సులభంగా కరగదు. ఒకసారి పోసిన ఆముదం తిరిగి రాక, పొగతో కలిసి నడిపేవాని ముఖాన పడేది. మొదటి ప్రపంచ యుద్ధపు వైమానికులకు దానివలన కలిగిన కడుపు బాధ ఎట్టిదో, ఆముదం గుణమెరిగిన తెలుగువారికి వివరించనక్కరలేదు. క్యాస్ట్రాల్ అను నూనె పేరు కూడ ఆముదపు ఆంగ్ల నామం నుండి పుట్టినదే. బండి ఇరుసు నుండి విమానం దాకా ఒకే గింజ!

మరి వాంకెల్ ఇంజనుకు ఏ నూనె? ముందుగా, ఆ కారుతో ఇచ్చిన పుస్తకంలో వ్రాసిన నూనె. అమెరికాలో ఆర్.ఎక్స్.-8కు మాజ్డా సంస్థ 5డబ్ల్యు-20 సూచించింది. వేగపు పందెములకు వాడేవారు పలువురు అంతకన్న చిక్కని నూనెను ఎంచుకుంటారు. ఏలయనగా వేడిలోను, పెట్రోలు కలిసినపుడును పలుచని నూనె బేరింగు మీద నిలువదని వారి భయం. ఇద్దరి మాటకూ కారణమున్నది. నెమ్మదిగా నడిపేవాడు పందెగాని నూనె పోసి గర్వించనక్కరలేదు. సింథటిక్ నూనె విషయంలో పెద్ద వివాదమే జరిగింది. అది సరిగా మండక కొనల వద్ద పేరుకొనునని పూర్వం అనుమానించారు. అనుమానం సింథటిక్ అను పేరు మీద కాక, అందులోని బూడిద మీద ఉండవలసినదని నా అభిప్రాయం. కొందరు యజమానులు పెట్రోలులోనే కొంచెం 2టి నూనె కలిపి పోస్తారు. త్రాగుటకు ఒకటి, దాచుకొనుటకు మరొకటి అన్నమాట. మామూజాన్ విని ఉంటే మెచ్చుకునేవారు.

డబ్బా మీది అంకెలను గురించి విద్యార్థులు తరచు పొరబడుతున్నారు. 20డబ్ల్యు-40 అన్నపుడు మొదటి అంకె చలిలో నూనె ఎంత చురుకుగా కదులునో చెబుతుంది, రెండవది 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో మిగిలే స్నిగ్ధతను చెబుతుంది. 20డబ్ల్యు రకాన్ని మైనస్ 15 డిగ్రీల వద్ద, 5డబ్ల్యు రకాన్ని మైనస్ 30 వద్ద పరీక్షిస్తారు. లంబసింగిలో సున్నా దరిదాపులకు చలి వచ్చినదని పత్రికలు వ్రాస్తాయి గాని, మన తూర్పు కనుమలలో మైనస్ 15 మాట ఎవరూ వినలేదు. అట్లని ఏదైనా ఒకటే అనుకోరాదు. సన్నని సందులతో కట్టిన కొత్త ఇంజను పలుచని నూనెనే కోరుతుంది. చిక్కదనమే బలమనుకొనుట పాత భ్రమ.

మోటారు సైకిలు వారికి మరొక చిక్కు కలదు. నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ళలో చాలావాటికి ఇంజను, గేర్లు, క్లచ్చు ఒకే నూనెలో మునిగి ఉంటాయి. రాపిడిని మరీ తగ్గించే కారు నూనె పోస్తే క్లచ్చు జారుతుంది. డబ్బా మీద జాసో ఎం.ఏ. అను గుర్తు ఉన్నదో లేదో చూచుకోవాలి.

నన్ను ప్రశ్న అడిగిన కుర్రవాని ఇంటి సంగతితో ఈ వ్యాసానికి అసలు అవసరం ఏర్పడింది. వాని తండ్రి 2021లో అప్పు చేసి కొత్త డీజిలు బండి కొన్నాడు. 2020 ఏప్రిల్ నుండి అమ్ముతున్న బి.ఎస్.-6 డీజిలు బండ్లలో చాలావాటికి పొగగొట్టం మధ్య ఒక వడపోత ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి, అప్పుడప్పుడు తానే కాల్చివేస్తుంది. మసి కాలుతుంది గాని నూనె నుండి వచ్చిన బూడిద కాలదు, అక్కడే చేరుతూ పోతుంది. అందుకే ఇట్టి బండికి తక్కువ బూడిద నూనెను పుస్తకంలో ప్రత్యేకించి వ్రాస్తారు. ఆ తండ్రి పాత జీపు అలవాటున పీపాలోని విడి నూనె పోయిస్తూ వచ్చాడు. జీడిపిక్కల కాలంలో హెచ్చరిక దీపం వెలిగి, బండి ఎత్తు ఎక్కనన్నది. కొండదారిలో నెమ్మదిగా, దగ్గర దూరాలకే నడుచుట వలన మసి సరిగా కాలకపోవుట కూడ ఒక కారణమని మెకానిక్కు చెప్పాడట. అది నిజమే. కాని దారిని మార్చుట మన చేతిలో లేదు, నూనెను మార్చుట ఉన్నది. బండి రెండు వారాలు నిలిచింది. కిస్తీ మాత్రం నిలువలేదు. ఆ నెల కుర్రవాడు పరీక్ష రుసుము ఆలస్యపు జరిమానాతో కట్టాడు.

ఆ బండి పుస్తకం ఆంగ్లంలో ఉన్నది. తండ్రి చదువలేడు, కొడుకు ఎన్నడూ తెరవలేదు. ఒక ఆదివారం మేమిద్దరం కూర్చుని అందులోని నూనె పేజీ చదివి, నూనె అంకె, ప్రమాణపు గుర్తు, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెను అను నాలుగు సంగతులు పెద్ద తెలుగు అక్షరాలతో ఒక అట్టముక్క మీద వ్రాశాము. గుర్తును మాత్రం దుకాణదారు పోల్చుకొనుటకై డబ్బా మీద ఉన్నట్లే దించాము. ఆ అట్ట ఇప్పుడు బానెట్టు లోపలి వైపున అంటించి ఉన్నది. ఆ దారిలో తిరిగే మరి ఇద్దరు డ్రైవర్లు తమ పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. అవి నా బల్ల మీద ఉన్నాయి.